పొద్దుటి గలగల

చేటలో బియ్యం సగం చెరిగాను. రాళ్లు ఒక పక్కకి, నూకలు ఒక పక్కకి చేరుతున్నాయి. అప్పుడే ఎదురింట్లో శివపార్వతమ్మ పెద్దమ్మ కారు తాళం తిప్పింది.

గలగల. రెండు క్షణాలు, అంతే. బాగా ఎండిన మిరపకాయని చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల గింజలు మోగుతాయి. అలాంటి మోత. కాకపోతే ఇవి ఇనప గింజలు. ఆ తర్వాత ఇంజను సర్దుకుని మెత్తగా నడిచింది. నేను మళ్లీ చేట ఎత్తాను.

నెల రోజులుగా రోజూ ఇదే మోత. పెద్దమ్మ కారుని వెంటనే బయటికి తియ్యదు. పది నిమిషాలు ఉన్నచోటే నడవనిస్తుంది. ఈలోగా తడిగుడ్డతో అద్దాలు, తలుపులు, చక్రాల మీది గిన్నెలు తుడుస్తుంది. తర్వాత తనే వెళ్లి గేటు రెక్కలు రెండూ తీస్తుంది. ఆమె తమ్ముడు చెంచురామయ్య బాబాయి అరుగు మీద మంచంలో కూర్చుని కాఫీ తాగుతూ ఇదంతా చూస్తాడు. ఆ కారు వచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో గేటు మీద ఆయన చెయ్యి పడటం నేను చూడలేదు.

మాది ప్రత్తిపాడు దగ్గర చిన్న ఊరు. ఇంటి ముందు రేకుల షెడ్డులో మా నాన్న అల్లాబక్షు ట్రాక్టర్లూ, ఆటోలూ, అప్పుడప్పుడూ కార్లూ బాగుచేస్తాడు. నేను ఇంటర్ చదివి ఇంట్లో ఉన్నాను. మా అరుగు మీద కూర్చుంటే పెద్దమ్మ వాళ్ల వాకిలంతా కనిపిస్తుంది. పొద్దున నాన్న బయటికి వచ్చేసరికే ఆ మోత అయిపోతుంది.

ఆ కారు నల్లటి జర్మనీ కారు. పదిహేడేళ్ల పాతది. గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరు వాడి వదిలేస్తే, మిరపకి మంచి ధర వచ్చిన ఏడాది పెద్దమ్మ కొనుక్కుంది. భర్త పోయిన తర్వాత పొలం ఆమే చూసుకుంటోంది. ట్రాక్టరు నడపడం ముందే వచ్చు కాబట్టి కారుకి వారం కూడా పట్టలేదు. ఊరంతా నవ్వింది. ఆమె పట్టించుకోకుండా పత్తి చేనికి అందులోనే వెళ్లడం మొదలుపెట్టింది. తోలు సీట్ల మీద కూలికి వెళ్లే ఆడవాళ్లు క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. సాయంత్రానికి సీట్లన్నీ తెల్లగా పత్తి పీచు అంటుకుని, ఆ కారు ముసలిదై జుట్టు నెరిసినట్టు కనిపిస్తుంది. తన ఇష్టంతో, ఎవరినీ అడగకుండా ఆమె కొనుక్కున్నది జీవితంలో అదొక్కటే. ఆ మాట ఆమే చెప్పింది.

మోత మొదలైనప్పటి నుంచి బాబాయికి పట్టు దొరికింది. అమ్మెయ్యమంటాడు. ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. చీమకుర్తి గ్రానైటు రాళ్లు మోసే లారీలు మా రోడ్డు మీదికి కూడా వస్తాయి. వాటి మధ్య బండి ఆగిపోతే అరవై మూడేళ్ల మనిషి ఏం చేస్తుందని ఆయన భయం. భయం చెప్పుకోవడం రాక వెటకారం చేస్తాడు. చివరికి ఒక పందెం పడింది. సోమవారం పొద్దున్నకి ఆ మోత పోకపోతే, పాత ఇనుము కొనేవాడికి పెద్దమ్మ తన చేత్తో తాళం ఇవ్వాలి. ఆమె సరేనంది. మాట ఇస్తే తప్పే మనిషి కాదు. అందుకే నాకు దిగులు పట్టుకుంది.

ఆ వారంలో ఆమె మూడుసార్లు షెడ్డుకి వచ్చింది. మూడుసార్లూ కారు తళతళలాడుతోంది. నాన్న పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ఏమీ లేదు. రెండోసారి అర్ధగంట విన్నాడు. మూడోసారి, నీ చెవుల్లోనే ఏదో మోగుతోంది అక్కా అని నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

బుధవారం మధ్యాహ్నం నాన్న అన్నానికి కూర్చున్నాడు. నేను పప్పు వడ్డిస్తూ ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. నాన్న పాతికేళ్లుగా ఇంజన్లు వింటున్న మనిషి. నేను బియ్యం చెరిగేదాన్ని. అయినా చెప్పేశాను.

"నాన్నా, నువ్వు వింటున్నది వేడి బండిని."

ఆయన ముద్ద ఆపాడు.

"పెద్దమ్మ మన దగ్గరికి వచ్చేసరికే అది వేడెక్కిపోతోంది. మోత వచ్చేది పొద్దున మొదటి దెబ్బకే. తాత విల్లు లాగా."

మా తాత దూదేకేవాడు. పరుపులకీ దిండ్లకీ ఊరూరా తిరిగి దూది ఏకి ఇచ్చేవాడు. మంచు కురిసిన రాత్రి తెల్లారేసరికి విల్లు నారి వదులయ్యేది. తాత పని మొదలుపెట్టే ముందు దాన్ని ఒక్కసారి కొట్టి వినేవాడు. మొదటి దెబ్బే నిజం చెబుతుంది, ఆ తర్వాత చెయ్యి సర్దుకుంటుంది అనేవాడు. అది నాన్నకి నాకంటే బాగా తెలుసు.

నాన్న మళ్లీ పళ్లెంలోకి వంగాడు. పప్పులో ముద్ద కలుపుతూనే ఉన్నాడు. మా అమ్మ కరీమున్ మాత్రం ఊరుకోలేదు.

"నెల నుంచి విని ఇవాళ చెబుతోంది. దీని నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టించాలి."

మర్నాడు తెల్లారకముందే నాన్న స్క్రూడ్రైవరు పట్టుకుని రోడ్డు దాటాడు. నన్నూ రమ్మన్నాడు. పెద్దమ్మ అప్పుడే తాళంచెవితో బయటికి వచ్చింది. కారు మంచుకి తడిసి, నిన్నటి దుమ్ముతో మచ్చలు మచ్చలుగా ఉంది. దాన్ని అలా చూపించడం ఆమెకి నామోషీగా తోచింది.

"ఆగు బక్షూ. దాని మొహమన్నా కడగనీ."

"వద్దక్కా. డాక్టరు దగ్గరికి జ్వరం తగ్గించుకుని వెళ్తే డాక్టరు ఏం చూస్తాడు?"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. చేలో నీళ్లు తోడే ఆయిలింజను ఉన్న రోజుల్లో ఆమె భర్త ఒక నియమం నేర్పాడట. ఇంజను వేడెక్కకుండా దాని చేత పని చేయించకూడదని. దానికి ఆమె తనది ఇంకోటి కలిపింది. మెకానిక్కు ఇంటికి వెళ్లేటప్పుడు బండి ఒళ్లు కడుక్కుని వెళ్లాలని. మర్యాద కోసం చేసిన ఆ రెండు పనులే మూడుసార్లూ రోగాన్ని దాచేశాయి.

నాన్న స్క్రూడ్రైవరు ఆనించి తల ఊపాడు. ఆమె తాళం తిప్పింది. గలగల. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఆపించి, నా వైపు తిరిగి అడిగాడు.

"ఇదేనా?"

ఇంజను గురించి నాన్న నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. అదేనన్నాను.

గొలుసు, అన్నాడు నాన్న. ఇంజను కింది భాగాన్నీ పై భాగాన్నీ ఒకే లయలో తిప్పే గొలుసు ఒకటి లోపల ఉంటుందని పెద్దమ్మకి చెప్పాడు. దాన్ని బిగువుగా పట్టి ఉంచే భాగం ఆయిలు బలంతో పనిచేస్తుంది. అది అరిగిపోతే రాత్రికి ఆయిలు కిందికి జారిపోయి గొలుసు వదులవుతుంది. పొద్దున మళ్లీ ఆయిలు పైకి ఎక్కేదాకా ఆ గొలుసే గలగలమంటుంది. ఏదో ఒకరోజు ఒక పన్ను జారిందా, పైవీ కిందవీ ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంజను అక్కడికక్కడే పోతుంది. రోడ్డు మీదే.

"ఆయిలు ఎప్పుడెప్పుడు మారుస్తావక్కా?"

"పంటకోసారి."

"ఏ పంటకి?"

"మిరపకి."

"అంటే ఏడాదికోసారి."

"మిరప ఏడాదికోసారే కదరా పండేది."

నాన్న వాళ్ల గోడ మీది క్యాలెండరు దించి, ఇకమీద ఆయిలు మార్చాల్సిన నెలలకి బొగ్గుతో సున్నాలు చుట్టాడు. పత్తి విత్తులప్పుడు ఒకటి, మిరప కోతలప్పుడు ఒకటి. అరుగు మీద నుంచి బాబాయి ఒక మాట వేశాడు.

"గొలుసంట. ఊడితే మెళ్లో వేసుకుని తిరుగు అక్కా. సోమవారం దాకా టైముందిగా."

"నీ మెళ్లో వేస్తానురా, గంట కట్టి," అంది పెద్దమ్మ.

గుంటూరులో నాన్న స్నేహితుడు అమానుల్లా పాత కార్ల సామాన్లు అమ్ముతాడు. కొత్త గొలుసూ, దాని పట్టాలూ, ఇంజను కదలకుండా పట్టే పనిముట్టూ శుక్రవారం పొద్దున్నే బస్సులో వచ్చాయి. నమాజు అయ్యాక నాన్న పెద్దమ్మ వాకిట్లోనే పని మొదలుపెట్టాడు. ఇలాంటి ఇంజను ఆయన అంతకుముందు విప్పలేదు. ఆ సంగతి నాకూ అమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. ఫోనులో ఇంగ్లీషు పేర్లున్న ఇంజను బొమ్మలు చూసి ఏది ముందో ఏది తర్వాతో నేను చదివి చెప్పాను. విప్పిన ప్రతి బోల్టునీ వరసగా ఇడ్లీ పళ్లాల గుంటల్లో పెట్టాను. మొదటి పళ్లెం పైమూతది, రెండోది పక్కమూతది, అడుగుదానిలో పొడుగు బోల్టులు. మూడు రోజులు మా ఇంట్లో ఇడ్లీ లేదు. అమ్మ ఉప్మా చేసిన ప్రతిసారీ ఎవరికి వినపడాలో వాళ్లకి వినపడేలా గరిటె మోగించింది.

పాత గొలుసు బయటికి వచ్చింది. కొత్తదాని పక్కన పరిస్తే గోరంత సాగి ఉంది. గొలుసుకి దారి చూపే ప్లాస్టిక్ పట్టా విరిగి, ముక్కలు కింద ఆయిల్లో చింతగింజల పొట్టులా తేలాయి. నాన్న వాటిని అరచేతిలో వేసుకుని, ఇంకో నెల తిరిగి ఉంటే అని ఆగిపోయాడు. పెద్దమ్మ వాటిని తీసి కొంగున ముడివేసుకుంది.

కొత్త గొలుసు ఎక్కించే ముందు లింకుల మీదా పళ్లచక్రాల మీదా గుర్తులు పెట్టాలి. నాన్న సున్నం తెమ్మన్నాడు. సున్నం ఆయిలుకి నిలవదని నా గోళ్లరంగు తెచ్చాను. ఎర్రటిది, పండక్కి కొన్నది. ఆయన దాన్ని కాసేపు చూసి, నీదే బాగుంది పెట్టు అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి అంతా ఎక్కింది. మూతలు వేసే ముందు ఇంజనుని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలని ఫోనులో రాసి ఉంది. నాన్న పానా వేసి మెల్లగా తిప్పాడు. అంతా సరిగ్గా ఉంది అన్నాడు. నేను వంగి చూశాను. పైచక్రం మీది నా ఎర్ర చుక్క, ఇంజను మీది గీతకి ఎదురుగా లేదు. ఒక పన్ను పక్కన ఉంది.

నాన్న చేతులు మూడు రోజులుగా ఆయిల్లో నాని ఉన్నాయి. రేపు పొద్దున్నకి పందెం. కానీ చుక్క అక్కడుంది.

"ఒక పన్ను, నాన్నా."

ఆయన టార్చి తీసుకుని ఒక కన్నుతో చూశాడు, రెండో కన్నుతో చూశాడు. నా కంటి మీద నమ్మకం లేక కాదు, తన మీద కోపంతో అనుకుంటాను. తర్వాత పానా తీసుకుని మళ్లీ విప్పాడు. సాయంత్రమయింది. ఈసారి రెండు చుట్లు తిప్పాక నన్నే ముందు చూడమన్నాడు. చుక్కా గీతా ఒకదాని ఎదురుగా ఒకటి ఉన్నాయి.

దీపాలవేళ నాన్న తాళం తిప్పాడు. గలగలగల. మునుపటికంటే ఎక్కువ. పెద్దమ్మ మొహం పాలిపోయింది. గుమ్మం దగ్గర నిలబడిన బాబాయి తువ్వాలు దులుపుకుని, రేపు తొమ్మిదింటికి మనిషి వస్తాడు అన్నాడు. ఇంతలో మోత తగ్గి ఇంజను మెత్తబడింది. కొత్త భాగం ఖాళీగా ఉంది, మొదటిసారి ఆయిలు తాగాలి కదా, ఇవాళ్టిది లెక్కలోకి రాదు అని నాన్న చెప్పాడు. రాత్రంతా ముట్టుకోకుండా ఉంచి పొద్దున వినాలి. ఆ మాట అందరికీ చెప్పాడు కానీ నా వైపు చూశాడు. నేనూ ఆయన వైపే చూశాను.

సోమవారం నేను చేట ముట్టుకోలేదు. మేం ముగ్గురం రోడ్డు దాటేసరికి పెద్దమ్మ కారులో కూర్చునే ఉంది. తుడవలేదు. అద్దాల మీద మంచు అలాగే ఉంది. బాబాయి మంచం మీద కాఫీ గ్లాసుతో ఉన్నాడు. నాన్న స్క్రూడ్రైవరు నా చేతికి ఇచ్చాడు. కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను.

పెద్దమ్మ తాళం తిప్పింది.

ఇంజను లేచింది. ఎక్కడా గింజ మోగలేదు. బాగా బిగించిన నారిని ఒక్కసారి మీటితే వచ్చే ఝుమ్మనే మోత, అంతే. నేను ఇంకా వింటూనే ఉన్నాను. వాకిట్లో పిచ్చుకల అరుపు కూడా వినిపించింది. తల పైకెత్తేసరికి నాన్న నా మొహం చూస్తున్నాడు. నేను నవ్వానేమో, ఆయన కూడా నవ్వాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, వినాల్సింది ఇంకా ఉందన్నట్టు చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత ఆమె కళ్లు తుడుచుకుని, నెల రోజుల బాకీ అంతా ఒకేసారి తీర్చడానికి నోరు తెరిచి, అరుగు వైపు తిరిగింది.

అరుగు మీద మంచం ఖాళీగా ఉంది. కాఫీ గ్లాసు సగంలో ఉంది.

బాబాయి గేటు దగ్గర ఉన్నాడు. కింది గడియ పైకి లాగాడు. ఒక రెక్క గోడ దాకా తోశాడు. రెండో రెక్క కూడా తోసి, గాలికి మూసుకుపోకుండా దానికి ఒక ఇటుక ఆనించాడు. తువ్వాలు భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా పత్తి చేని దారిన వెళ్లిపోయాడు.