ఆరింటికి తెరిచే గది

“నేను దీని వెనకాల పరిగెత్తలేనమ్మాయ్, గుమ్మం ముందే కాలవాయె” అంటూ మా అత్త మరిడమ్మ నా పాత నూలుచీర చించి, ఒక కొస నా కూతురు సాయిదుర్గ నడుముకీ, ఇంకో కొస మంచం కోడుకీ కట్టిన పొద్దున నేను నోరెత్తలేదు. రోడ్డు మీద వ్యాను హారన్ కొడుతోంది. ఆరున్నరకి ఎక్కకపోతే ఆ రోజుకి పని లేనట్టే. క్యారేజీ పట్టుకుని, రెండేళ్ళ పిల్ల ఏడుపు వింటూనే వెళ్ళి ఎక్కేశాను.

రాజోలు దాటాక ఉన్న షెడ్డులో మేం రొయ్యలు ఒలుస్తాం. సాయంత్రం దాకా ఐసునీళ్ళలో చేతులు పెట్టి నిలబడాలి. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి గానీ తల ఊరుకోదు. ఈపాటికి ఏడుపు మానేసి ఉంటుంది, ఈపాటికి నిద్రపోయి ఉంటుంది, ఆ చీరముక్క మెడకి చుట్టుకుంటే? అత్త వంటింట్లో ఉంటే వినపడుతుందా? ఒకసారి పిల్లకి జ్వరమని గంట ముందు వెళ్తానంటే సూపర్‌వైజరు దుర్గారావుగారు, “పిల్లలున్నోళ్ళు ఇంటికాడే ఉండొచ్చు కదమ్మా, నిన్నెవరు రమ్మన్నారు?” అన్నారు. ఎవరు రమ్మన్నారని చెప్పను? “నువ్వు కూడా వెళ్తేగానీ గడవదే” అని నన్ను పంపించిన మా ఆయన రాంబాబే, నలుగురిలో మాత్రం “ఇంట్లో తోచక వెళ్తందండీ” అని నవ్వుతాడు. తోచకే వెళ్ళినదాన్ని కాబట్టి తిరిగొచ్చాక అంట్లూ, వంటా, ఆయన స్నానానికి వేన్నీళ్ళూ అన్నీ నావే.

ఆదివారం పిల్లకి నీళ్ళు పోస్తుంటే నడుం చుట్టూ ఎర్రటి గీత కనిపించింది. చెయ్యి తగలగానే ముడుచుకుపోయింది. అత్త మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఆ వెనకే నా మీద నాకు వచ్చింది.

మర్నాడు వ్యానులో నా పక్కన కూర్చున్న జ్యోతిర్మయిని అడిగాను, “మీ పెద్దది లక్ష్మీదుర్గ బడికి వెళ్తున్నట్టు లేదే?” అని.

“మాన్పించేశాను వదినా. చిన్నదాన్ని ఎవరు చూస్తారు?” అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. లక్ష్మీదుర్గకి తొమ్మిదేళ్ళు.

అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదింటికి. మూడేళ్ళు నిండితేగానీ కూర్చోబెట్టుకోరు. ఆ రోజు వ్యానులో ఉన్న ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్ళాను. పదకొండుమందికి మూడేళ్ళలోపు పిల్లలున్నారు. ఇన్నాళ్ళూ ఎవరి పిల్ల వాళ్ళ తలనొప్పి అనుకుని, ఒకళ్ళనొకళ్ళం అడగనేలేదు.

శనివారం గ్రామసభ పెట్టారు. సెలవు పెట్టి, అత్తనీ పిల్లనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. డ్రైనులయ్యాయి, రోడ్డయింది, రొయ్యల చెరువుల లైసెన్సులయ్యాయి. ఆఫీసరుగారు ఫైలు మూస్తుంటే లేచి నిలబడ్డాను.

“అయ్యా, పొద్దున్న ఆరింటికి తెరిచి సాయంత్రం ఆరింటి దాకా పసిపిల్లల్ని చూసే గది కావాలండి. పాత బడిలో గది ఖాళీగానే ఉంది. ఆయాకి జీతం ప్రభుత్వం ఇవ్వాలండి. రొయ్యల్ని పెంచేవాళ్ళు కరెంటు రాయితీ అడిగితే ఇచ్చేరు కదండీ. ఒలిచేవాళ్ళం మేమూ ఒకటి అడుగుతున్నామండి.”

ముందు వరసలోంచి చెరువుల పోలిరాజుగారు నవ్వారు. “ఇంట్లో అత్తగారుండగా గది కావాలంటందేంటండీ!”

అందరూ నవ్వారు. ఆఫీసరుగారు కూడా నవ్వుతూ నా పక్కనున్న మా అత్త వైపు తిరిగారు. “ఏం మామ్మగారూ, మనవరాల్ని మీరు చూసుకోలేరా?”

అత్త కొంగు సర్దుకుంది. గోడవారన నిలబడ్డ రాంబాబు ఆమెనే చూస్తున్నాడు.

“ఆయ్. లేనండి. నా వల్ల కాదండి” అంది.

నవ్వులు ఆగాయి. “సరే, పిల్లల పేర్లూ వయసులూ రాసి, తల్లుల సంతకాలతో సోమవారం మండలాఫీసుకి పట్టుకురండి, చూద్దాం” అని ఆయన లేచిపోయారు.

ఇంటికొచ్చి సంతకాల కాగితం పరుచుకు కూర్చున్నాను. రాంబాబు చెప్పులైనా విప్పలేదు. “పదిమందిలో మా అమ్మ చేత చేతకాదనిపించేవు. నేను కాపలా కాసేది పోలిరాజుగారి చెరువే. రేపాయన మొహం ఎలా చూడను? ఊళ్ళో అందరూ పెంచుకోడం లేదా పిల్లల్ని?”

“ఒరే, నువ్వూరుకో” అంది అత్త. గుమ్మంలో కూలబడి ఉంది. “తులసీ, అందులో ఇంకో పేరు రాయమ్మా. నూకరత్నం.”

“ఎవరి పిల్ల అత్తా?”

“నాదే. వీడికంటే ముందు పుట్టింది. ఊడుపులకి పిలిచేరు. గట్టు మీద కూర్చోబెట్టి చేలోకి దిగేను. మూడు వరసలు నాటి తలెత్తేను, లేదు. కాలవలో దొరికింది. ఆ పేరు ఎత్తొద్దన్నారు మీ మావయ్య. ఎత్తలేదు” అంది.

రాంబాబు చెప్పులతోనే నిలబడిపోయాడు. తనకో అక్క ఉండేదని అతనికి ఆ పూటే తెలిసింది. ఆ చీరముక్క ముడేసేటప్పుడల్లా ఆమె చేతులెందుకు అంత గట్టిగా బిగించేవో నాకూ ఆ పూటే తెలిసింది. కాగితం పైన, అందరికంటే ముందు, నూకరత్నం అని రాశాను.

సోమవారం వ్యాను హారన్ కొట్టికొట్టి వెళ్ళిపోయింది. పిల్లని చంకనేసుకుని మండలాఫీసుకి వెళ్ళాను. వెంట జ్యోతిర్మయి ఒక్కతే వచ్చింది. సంతకాలు పెట్టారు గానీ, పని పోతుందని మిగతావాళ్ళు రాలేదు. వాళ్ళనేమీ అనలేను. ఆఫీసరుగారు కాగితం మీద వేలు పెట్టారు.

“మొదటి పిల్లకి వయసు వెయ్యలేదేమ్మా?”

“రెండేళ్ళండి. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచీ రెండేళ్ళేనండి.”

ఆయన తలెత్తి నన్నూ, నా చంకలోని పిల్లనీ చూశారు. గదికి పైనుంచి మంజూరు రావాలన్నారు, మళ్ళీ సోమవారం కనపడమన్నారు. ఇంకో రోజు పని పోతుంది. షెడ్డులో నా చోటూ పోవచ్చు. వెళ్తాను.