మలుపు నుంచి గేటు దాకా

“ఇక్కడ ఆపు,” అన్నాడు మా ఆయన, రోజూ లాగే నా భుజం మీద రెండు వేళ్లతో పొడిచి.

తాళాలు బాగుచేసే కొట్టు ముందు బండి ఆపాను. అక్కడ మలుపు తిరిగితే ఎదురుగా కనబడేది ఆయన ఆఫీసు గేటు. ఇప్పుడు నేను దిగాలి. ఆయన ముందుకి జరగాలి. నేను సంచీ, రెండు అన్నం డబ్బాలూ ఒళ్లో పెట్టుకుని వెనక ఎక్కాలి. అప్పుడు ఆయన నా బండి మీద నన్ను ఎక్కించుకుని ఆఫీసుకి వేంచేస్తాడు. పెళ్లాం వెనక కూర్చుని వచ్చాడని ఎవరూ అనుకోకూడదు, అంతే. కొట్టాయన కొన్నాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తర్వాత ఉండబట్టలేక అడిగేశాడు.

“ఏంటమ్మా, రోజూ ఇక్కడే సీట్లు మారతారు, ఏదన్నా మొక్కా?”

మా ఆయనకి వినబడలేదు. వినబడనివి ఆయనకి చాలా ఉంటాయి.

నా బండి జపాన్ వాళ్లు చేసింది. మా పెళ్లికన్నా పాతది. నా దగ్గరికి వచ్చేసరికే ట్యాంకు మీద రంగు పోయి, సీటు చిరిగి ఉంది. అందుకే నా జీతానికి అందింది. సీటు నేనే కుట్టుకున్నాను. నేను పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. అది ఊరికి ఓ చివర, బస్సు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చే చోట. బండి ఇంటికి తెచ్చిన రోజు, “పాత ఇనుము కొనేవాడికి పోటీగా తయారయ్యావా?” అని నవ్వాడు మా ఆయన. “ఆడవాళ్లు నడిపే స్కూటర్లు లేవా అమ్మాయ్, మగరాయుడిలా ఇదేంటి?” అంది అత్తగారు. చలిగా ఉన్న పొద్దున చోక్ ఎంత లాగాలో, కిక్కు మీద కాలు ఎక్కడిదాకా నొక్కి వదలాలో, గేరులో ఉందో లేదో దీపం వెలగకుండానే ఎలా తెలుసుకోవాలో, అన్నీ నేనూ అదీ మెల్లిగా కుదుర్చుకున్నాం. ఆ ఇంట్లో నేను చెప్పింది చెప్పినట్టు వినేది అదొక్కటే.

ఆ మధ్య మా ఆయన ఫోన్ చూసుకుంటూ ఆఫీసు మెట్లు దిగబోయి పడ్డాడు. ఎడమ చీలమండ ఎముక విరిగింది. కట్టు విప్పి చాలా రోజులయింది. ఎముక బాగా అతుక్కుంది, ఇక మామూలుగా నడవచ్చన్నాడు డాక్టరు. మా ఆయన మాత్రం ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నట్టు నా వైపు చూసి, ఇంకాస్త కుంటుతూ బయటికొచ్చాడు. ఆయన కొత్త బండి పెద్దది, వరండాలో ముసుగు కప్పుకుని ఉంది. దాని మీద వెళ్దామంటే, “నీకు బరువు, పడేస్తావు” అన్నాడు. అలా నా పాత ఇనుము పనికొచ్చింది.

పొద్దున్నే వంట, డబ్బాలు సర్దడం, అత్తగారి మాత్రలు, ఆ తర్వాత నేల మీద కూర్చుని ఆయన ఎడమ కాలికి మేజోడు తొడిగి, బూటు లేసు కట్టడం. “అబ్బా, మెల్లిగా!” అంటాడాయన. పక్క గదిలోంచి, “వాడి కాలు మళ్లీ విరిచేస్తావా ఏంటి?” అంటుంది ఆవిడ. ఈ సేవలూ, సీట్లు మారడాలూ అయి నేను ల్యాబు చేరేసరికి ఆలస్యం. మా యజమాని అందరి ముందూ కుర్చీలోంచి లేచి నిలబడి, “రండి మహారాణిగారూ” అంటాడు. నవ్వకపోతే పొగరంటారని నేనూ నవ్వుతాను.

వీటన్నిటికన్నా నేను భరించలేనిది మలుపు నుంచి గేటు దాకా ప్రయాణం. గేరు ఎడమ కాలితో ఎత్తాలి. ఆయన ఎత్తడు, “ప్రాణం పోతుందే” అంటాడు. మొదటి గేరులోనే ఎక్సలేటరు తిప్పుతాడు, క్లచ్ సగం పట్టుకుని. బండి గొంతు చించుకుంటుంది. కాలిన వాసన. వెనక కూర్చుని పళ్లు కొరుక్కుంటాను. పళ్ల సెట్లు చేసేదాన్ని కదా, నా పళ్లు ఎంత అరిగాయో నాకు తెలుసు.

ఆ రోజు గేటు దగ్గర ఆయన దిగాక నేను ముందుకి జరుగుతుంటే, వాళ్ల క్యాషియరమ్మ నవ్వుతూ దగ్గరికొచ్చింది.

“మీవారు దేవుడండీ! కాలు అలా ఉన్నా తనే నడుపుకొచ్చి, మీరు బస్సుల్లో కష్టపడకూడదని తన పాత బండి మీకిచ్చేశారట. మా ఆయనా ఉన్నాడు, సైకిల్ కూడా ముట్టుకోనివ్వడు.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చాలా శ్రద్ధగా వాచీ చూసుకుంటున్నాడు.

సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగాను. “ఆ బండి మీది అని చెప్పారా?”

“అబ్బ, మొదలెట్టావా? నీదీ నాదీ ఏంటి, ఇంట్లో ఏదైనా మనదే కదా.”

“అయితే రేపు మన కొత్త బండి నేను తీసుకెళ్తాను.”

“అది వేరే,” అన్నాడు.

“మొగుడి పరువు నిలబడితే నీ సొమ్మేం పోయింది?” అంది అత్తగారు. గిన్నె మీద గిన్నె కాస్త గట్టిగా బోర్లించాను.

మర్నాడు తాళాల కొట్టు దగ్గర భుజం మీద రెండు వేళ్లు. ఆపాను. కాలు కింద పెట్టాను గానీ ఇంజను ఆపలేదు, దిగలేదు.

“ఊఁ, దిగు.”

“దిగను. గేటు దాకా ఇలాగే తీసుకెళ్తాను, కూర్చోండి. లేదంటే మీరే దిగండి. నా బండి ముందు సీట్లోకి మాత్రం రారు.”

“నడిరోడ్డు మీద ఏంటీ వేషాలు? టైమవుతోంది!”

“నాకు రోజూ అవుతోంది.”

కొట్టాయన ఆకురాయి ఆపి, తాళం మీదికి వంగి నవ్వు దాచుకుంటున్నాడు. మా ఆయన అటు చూశాడు, మలుపు వైపు చూశాడు. దిగాడు. “ఇంటికి రా, నీ సంగతి చెప్తా” అని సంచీలోంచి తన డబ్బా లాక్కున్నాడు.

కదిలాను. మలుపు తిరగ్గానే అనుమానం వచ్చింది. నిజంగా నొప్పి ఉందేమో, పాపం అంత దూరం నడిపిస్తున్నానేమో అని. ఇన్నేళ్ల అలవాటు, ఊరికే పోతుందా? కాస్త నెమ్మదించి అద్దంలో చూశాను.

మలుపు తిరిగి వస్తున్నాడు. రెండు కాళ్ల మీదా సమానంగా, టకటకా, దాదాపు పరుగు. కోపంలో కుంటడం మర్చిపోయాడు.

మలుపుకీ గేటుకీ మధ్య ఇన్నాళ్లూ పడని రెండో గేరు వేశాను. బండి హాయిగా ఊపిరి పీల్చుకుంది. గేటు దగ్గర క్యాషియరమ్మ చెయ్యూపి, “సారేరీ?” అని కేకేసింది.

“వెనకాల వస్తున్నారు,” అన్నాను, ఆపకుండా. “ఇక రోజూ నడిచే వస్తారు.”