నోట్లో ఇనుము

కొత్తపేట చుట్టుపక్కల ఎవరింట్లో శుభకార్యం తలపెట్టినా, ముహూర్తం పెట్టిన పంతులుగారి తర్వాత కబురందేది వంట సూరయ్యకే. ఆయన దగ్గర కొలతల్లేవు, కాగితం మీద రాసుకున్న పాళ్ళు లేవు. ఉన్నదల్లా నాలుక. గుండిగ పక్కన నిలబడి, కింద పనిచేసే మనిషి గరిటెతో తీసిన బొట్టు అరచేతిలో వేయించుకుని, కళ్ళు మూసుకుని చప్పరిస్తాడు. "ఇంకో గుప్పెడు" అంటే ఇంకో గుప్పెడు, "దింపెయ్యండి" అంటే దింపెయ్యడం. ఆ మాటకి ఎదురు చెప్పిన మనిషి ఇంతవరకూ లేడు.

ఆ నాలుకకి ఇంకో పని కూడా ఉంది. ఇంటికొచ్చి భార్య వెంకటలక్ష్మి వంటకి వంక పెట్టడం. పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది. మొదటి ముద్ద గొంతు దిగకముందే "ఉప్పు తగ్గిందే" అంటాడు. ఆవిడ ఉప్పు జాడీ ముందుకు జరుపుతుంది.

అలాంటి సూరయ్యకి ఓ వారం కడుపుబ్బరం, కుళ్ళిన గుడ్డు వాసనతో తేన్పులు పట్టుకున్నాయి. గురువారం రాజోలు దగ్గర బంగారరాజుగారి షష్టిపూర్తి. మంగళవారం ఇక తప్పక డాక్టర్ అనూరాధ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పరీక్ష చేయించి, నీళ్ళలోంచి వచ్చిన క్రిమి అని చెప్పి, నాలుగు మాత్రలు రాసింది.

"నాలుగూ ఒకేసారి వేసుకోవాలి సూరయ్యగారూ. కడుపు నిండా తిన్నాక. దాంతో అయిపోయినట్టే."

"రోజుకోటి చొప్పున వేసుకుంటానండి. ఇవాళోటి, మిగతావి షష్టిపూర్తి అయ్యాక."

"అలా పంచుకుంటే పని చెయ్యవు. కాస్త వికారంగా ఉంటుంది, నిమ్మచెక్క చప్పరించండి. మూడు రోజులు మందు చుక్క ముట్టుకోకూడదు. రెండు రోజులు వంటలో చెయ్యి పెట్టకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి."

"ఆయ్. నేను చెయ్యి పెట్టనండి. రుచి చూస్తానంతే."

డాక్టరమ్మ కలం ఆపింది. "అన్నట్టు, రెండు మూడు రోజులు నోరంతా ఇనుము రుచి వస్తుంది. కంగారు పడకండి, అదే పోతుంది."

సూరయ్య కంగారు పడలేదు. మాత్రలు వేసుకున్న రెండు గంటలకి మాత్రం పడ్డాడు. మంచినీళ్ళు తాగితే మేకు నాకినట్టుంది. నిమ్మచెక్క చప్పరించాడు, నిమ్మకాయ రసంలో నానిన మేకు. బెల్లం ముక్క, అదీ మేకే. తేన్పులైతే తెల్లారేసరికి పోయాయి. వాటితోపాటు ఆయన బతుకుతెరువు కూడా పోయినట్టనిపించింది. ఎవరికైనా చెబితే ఆ మాట గురువారం లోపల రాజోలు చేరిపోతుంది. అందుకని పెళ్ళానికి కూడా చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం వెంకటలక్ష్మి ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూ పప్పుచారులో ఉప్పు రెండుసార్లు వేసింది. వడ్డించి వంటింట్లోకి వెళ్ళాక, వేలితో రుచి చూసుకుని నాలిక్కరుచుకుంది. "తినకండి" అని చెబుదామని పరుగున వచ్చేసరికి ఆయన మూడు ముద్దలు మింగేశాడు.

"ఉప్పు తగ్గిందే" అన్నాడు సూరయ్య.

వెంకటలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. ఉప్పు జాడీ జరిపింది. ఆయన ఇంకాస్త కలుపుకుని, సముద్రం లాంటి ఆ చారుని శుభ్రంగా తినేశాడు. సాయంత్రం ఆవిడ పంచదార వెయ్యకుండా కాఫీ ఇచ్చింది.

"తీపెక్కువైంది" అన్నాడాయన.

ఆవిడ చాపేసుకుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. "ఎప్పట్నుంచండీ ఇలాగ?"

దొరికిపోయాడు. మాత్రల సంగతి, మేకు సంగతి మొత్తం కక్కేశాడు. వెంకటలక్ష్మికి జాలేసింది. జాలి కంటే ముందు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా తను సిగ్గుపడుతూ జరిపిన ఉప్పు జాడీ కళ్ళముందు కదిలింది. రుచి తెలియకపోయినా వంక పెట్టగలిగినవాడు, తెలిసినప్పుడు పెట్టినవన్నీ నిజమేనని ఏమిటి నమ్మకం?

"రేపేం చేస్తారు?"

"అదే తోచట్లేదే. పనసపొట్టు కూరకి ఆవపిండి ఒక్క చిటికెడు ఎక్కువైతే చేదెక్కిపోద్ది. రాజుగారు నాలుగొందల మందిని పిలిచేరు."

"నన్నెప్పుడైనా పిలిచేరా?"

సూరయ్యకి అర్థం కాలేదు.

"జిల్లాలో అందరూ మీ వంట తిన్నారు. నేనేమో మీరు క్యారేజీలో తెచ్చిన చల్లారిన కూర తిన్నాను. విస్తరి ముందు కూర్చుని వేడివేడిగా ఒక్కసారి తిన్నది లేదు. రేపొస్తాను. రుచి నేను చూస్తాను. గుండిగ పక్కన కుర్చీ వేయించండి."

"ఆడాళ్ళెవరూ మా పొయ్యిల దగ్గరికి..."

"అయితే మీ మేకుతో మీరే చూసుకోండి."

కుర్చీకి ఒప్పుకున్నాడు. సైగలు కూడా మాట్లాడుకున్నారు. బొట్టు ఇద్దరి చేతుల్లోనూ పడాలి. ఆవిడ పైట సర్దుకుంటే ఉప్పు చాలదని, గాజులు వెనక్కి తోసుకుంటే పులుపు చాలదని, తలూపితే దింపెయ్యమని.

గురువారం పదింటిదాకా అన్నీ సవ్యంగానే సాగాయి. సూరయ్య చేతులు వెనక్కి కట్టుకుని, మూతి బిగించుకుని మహరాజులా తిరిగాడు. పప్పు దగ్గర ఆవిడ పైట సర్దుకుంది, "గుప్పెడు ఉప్పు" అన్నాడు. పనసపొట్టు కూరకి తలూపింది, "దింపెయ్యండి" అన్నాడు. మనుషులకి అనుమానం రాలేదు. ఆయనకే అంతా తన గొప్పేనన్న భ్రమ కాస్త మొదలైంది.

ముక్కల పులుసు వంతు వచ్చింది. అరచేతిలో బొట్టు చప్పరించి, కళ్ళు మూసుకుని, ఒక కన్ను తెరిచి భార్య వైపు చూశాడు. వెంకటలక్ష్మి కొబ్బరిచెట్ల వైపు చూస్తోంది. దగ్గాడు. ఆవిడ ఇంకా కొబ్బరికాయలు లెక్కపెడుతోంది. సరిగ్గా అప్పుడే పట్టుపంచె సర్దుకుంటూ బంగారరాజుగారు వచ్చారు.

"ఏం సూరయ్యా, పులుసెలా ఉంది?"

"ఉందండి రాజుగారూ. అంటే... ఉంటుందండి."

గరిటె పట్టుకున్న మనిషి నోరు తెరిచాడు. సూరయ్య నుదుటికి చెమట పట్టింది. ఆ చెమట చూశాకే వెంకటలక్ష్మి కుర్చీలోంచి లేచింది.

"గుప్పెడు బెల్లం పడాలండి" అంది, అందరికీ వినబడేలా.

పొయ్యిల దగ్గర అలికిడి ఆగిపోయింది. సూరయ్య పులుసుకి ఇంకొకరు పాళ్ళు చెప్పడం అక్కడెవరూ ఎరగరు. రాజుగారు ఆవిడ వంక, ఆయన వంక మార్చి మార్చి చూశారు.

"ఆవిడ చెప్పినట్టు వెయ్యండ్రా" అన్నాడు సూరయ్య.

ఆ పులుసు బంగారరాజుగారు మూడుసార్లు పోయించుకున్నారు. ఇన్నేళ్ళలో ఇలాంటి పులుసు తినలేదని పంక్తి మధ్యలో లేచి సూరయ్యకి శాలువా కప్పారు. సూరయ్య పంక్తి వైపు చూశాడు. చివరి విస్తరి ముందు వెంకటలక్ష్మి కూర్చుని, వేడివేడి అన్నంలో పులుసు కలుపుకుని, ఎటూ చూడకుండా తింటోంది. ఆయనకి సిగ్గేసింది. ఆ శాలువా ఆవిడకి దక్కాలని రాజుగారి ముందు చెప్పలేకపోయాడు. తిరుగు ప్రయాణంలో ఆటోలో శాలువా మడతపెట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ దాన్ని దిండులా తల కింద పెట్టుకుని కొత్తపేట దాకా నిద్రపోయింది.

ఆదివారం పొద్దున్న సూరయ్యకి కాఫీ కాఫీలా ఉంది. సంతోషం పట్టలేక రెండో గ్లాసు కూడా అడిగి తాగాడు, సంగతి మాత్రం బయటపెట్టలేదు. మర్నాడు మామిడికుదురులో పెళ్ళి. పెరట్లో తీగ మీద వెంకటలక్ష్మి జరీ అంచు చీర ఆరేసి ఉంది. ఎవరూ రమ్మనకుండానే గంజి కూడా పెట్టింది.

మధ్యాహ్నం ముద్దపప్పు వడ్డించి, ఎదురుగా కూర్చుని ఆయన నోటినే చూస్తోంది. సూరయ్య ముద్ద పెట్టుకున్నాడు. అందులో ఉప్పు లేదు. తగ్గడం కాదు, ఒక్క పలుకు కూడా లేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ మాట అనడానికి న్యాయంగా హక్కొచ్చింది. నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. ఆయన గుమ్మంలోంచి తీగ మీది చీర వైపు చూశాడు. ముద్ద మింగాడు.

"ఏం తెలుస్తుందే నాకు, నోరంతా ఇనుమేగా. రేపు మామిడికుదురు నువ్వు రాకపోతే పని జరగదు."

"డాక్టరమ్మ మూడు రోజులే అన్నారుగా?"

"నాది ముసలి నాలుక. దానికి ఎన్నాళ్ళు పడుతుందో ఏమో."

వెంకటలక్ష్మి ఆయన మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఉప్పు జాడీ తీసి ముందుకు జరిపింది.

"కలుపుకోండి. రేపు ఎన్నింటికి బయల్దేరాలి?"