అతుకు మీద మైనం

మేస్త్రి కొట్లో ఒకప్పుడు గోడకు ఒక అట్టముక్క వేలాడుతుండేది. "చేపకు ధర చదవడం రాదు" అని దాని మీద మేస్త్రే కుంచెతో రాశాడు. ఖరీదైన కర్ర కొనలేక మొహం చిన్నబుచ్చుకున్న వాళ్ళకు ఆ అట్ట చూపించి నవ్వేవాడు. ఆయన బాగుచేసేది గాలం కర్రలు. అవీ మామూలువి కావు. ఈకలు చుట్టి ఈగలా తయారుచేసిన కొక్కేన్ని, బరువంతా దారానిదే అయ్యేట్టు దూరంగా విసిరి, నిజం ఈగ వాలినట్టు నీళ్ళ మీద వాల్చే కర్రలు. సన్నగా, పొడుగ్గా, రెండు ముక్కలుగా ఉంటాయి. మధ్యలో అతుకు.

పెద్దకొడుకు ఏట్లో మునిగి పోయాక మేస్త్రి ఆ అట్టను నిలువునా చించేశాడు. రెండేళ్ళయింది. చవక కర్ర పట్టుకుని ఎవరు గడప తొక్కినా ఇప్పుడు ఆయన నోట ఒకటే మాట.

"చవక కర్రకు అతుకు నిలవదు. మావాణ్ణి పొట్టన పెట్టుకుంది అదే."

ఆ మాట విన్నప్పుడల్లా చిన్నది తల దించుకునేది. చిన్నది అంటే మేస్త్రి కూతురు. పదిహేనేళ్ళది. నలుగురిలో నోరు విప్పాలంటే దానికి ప్రాణం పోయినట్టుంటుంది. అన్నయ్య అయితే "మూగమ్మా" అనే పిలిచేవాడు. కొట్లో చిన్నదానికంటూ ఒక పని ఉంది. కొట్టు దాటే ప్రతి కర్రకూ, అతుకులో లోపలికి దూరే కొస మీద కొవ్వొత్తి ముక్కతో రుద్దాలి, బొటనవేలితో పలచగా పరచాలి, దూర్చి కొద్దిగా మెలితిప్పాలి. ఆ మైనం లేకపోతే విసరగా విసరగా అతుకు వదులవుతుంది. విసిరే మనిషికి తెలియనే తెలియదు.

అన్నయ్య పోయిన రోజు పొద్దున దాన్ని ఏటికి తీసుకెళ్తానని మాటిచ్చాడు. తీరా బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకుని నిలబడితే నవ్వేశాడు.

"నువ్వెందుకే మూగమ్మా? నీకంటే చేపలే నయం, కనీసం నోరన్నా తెరుస్తాయి!"

చిన్నది కర్ర అందించింది. కొవ్వొత్తి ముక్కను మాత్రం పిడికిట్లోనే దాచేసుకుంది.

రెండో రోజుకు దొరికాడు. కర్ర పిడి వాడి పిడికిట్లోనే ఉంది. కొస ముక్క ఊడి, దారం వెంట జారి, మడుగులో చెట్టువేళ్ళ మధ్య చిక్కుకుని ఉంది. దాన్ని విడిపించబోయి లోతుకు దిగి ఉంటాడని చూసినవాళ్ళు అనుకున్నారు. మేస్త్రి ఆ రెండు ముక్కల్నీ, దారం చుట్టే రీలునీ పాత దుప్పట్లో చుట్టి వెనకగదిలో మేకుకు తగిలించాడు. అమ్మ ఆ గదిలోకి అడుగే పెట్టదు.

అప్పట్నుంచి మొదలైంది ఆ చప్పుడు. మధ్యాహ్నం నాలుగింటికి, అన్నయ్య ఇంటికొచ్చి తడిదారం చుట్టుకునే వేళకు, వెనకగదిలోంచి టిక్కు టిక్కు టిక్కుమని రీలు తిరిగినట్టు వినిపిస్తుంది. మొదట బల్లి అనుకుంది చిన్నది. తర్వాత ఎలుక అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు.

దానికి తెలియాల్సింది ఒక్కటే. అతుకు పగిలి ఉంటే తప్పు కర్రది. పగలకుండా ఉంటే తప్పు తనది. దుప్పటి విప్పితే తేలిపోతుంది. రెండేళ్ళుగా దానికి చేతులు రాలేదు.

ఆ వేళ మూడు దాటాక ఆసుపత్రి నర్సు వచ్చింది. లావుపాటి మనిషి, నవ్వితే బల్ల మీద డబ్బాలు అదురుతాయి. చంకలో కొత్త కర్ర.

"మేస్త్రి గారూ, ఇది చూడండి. సంతలో దొరికింది. మా డాక్టరుగారి కర్ర ధరకు నాకు స్కూటరొస్తుంది. పొద్దస్తమానం దాన్ని చూపించి నన్ను ఏడిపిస్తున్నాడు. ఇది దానికి సాటొస్తుందా రాదా? ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

మేస్త్రి కర్ర వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "పొయ్యిలో పెట్టుకోండమ్మా. అతుకు నిలవదు. మావాణ్ణి..." అని సగంలో ఆపి, బంక అయిపోయిందంటూ సంచీ తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

నర్సు చిన్నదాని వైపు తిరిగింది. "నువ్వు చెప్పు తల్లీ. నీకూ తెలుసుగా ఈ విద్య."

చిన్నదానికి మాట్లాడటం కంటే చేసి చూపించడం తేలికనిపించింది. డాక్టరుగారి కర్ర, దారం దూరే రింగు మార్చడానికి, కొట్లోనే ఉంది. రెండూ తీసుకుని ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. గడ్డిలో దూరంగా ఒక పాత టైరు పడేసి ఉంది. ముందు డాక్టరుగారి కర్ర విసిరింది. దారం గాలిలో సున్నా చుట్టి, సాగి, టైరు మధ్యలో వాలింది. ఈలోగా నర్సు తన కర్రను తనే బిగించుకుంది. చిన్నది దాన్నీ విసిరింది. అదే టైరు. అదే మధ్య.

"ఓయబ్బో! రేపుంటుంది డాక్టరుకి!" అని చప్పట్లు కొట్టింది నర్సు. "ఇంకోటి వెయ్యి, ఇంకోటి!"

పదో విసురుకో, పదకొండో విసురుకో, చేతిలో బరువు చటుక్కున తగ్గింది. కొస ముక్క ఊడి దారం వెంట జారుకుంటూ పోయి గడ్డిలో పడింది.

చిన్నది గడ్డిలోకి పరుగెత్తింది.

"అయ్యో, ఇరిగిందా?" అంది నర్సు.

విరగలేదు. చిన్నది వంగి తీసి, అతుకును తిప్పి తిప్పి చూసింది. వెంట్రుకంత బీట కూడా లేదు. జేబులోంచి కొవ్వొత్తి తీసి రుద్దింది, దూర్చింది, మెలితిప్పింది. ముప్పై సార్లు విసిరింది. కర్ర ఒకే ముక్కలా నిలిచింది.

"మీరు వేస్తూ ఉండండి. ఇప్పుడే వస్తా," అంది. ఆ ఏడాదంతా బయటివాళ్ళతో అది మాట్లాడినవాటిలో అదే పెద్ద మాట.

వెనకగదిలో దుప్పటి దించి నేల మీద విప్పింది. అతుకు పగల్లేదు. పైగా దాని మీద దళసరిగా మైనం ఉంది. ఒక్క క్షణం ఊపిరి ఆడింది. మైనం ఉందంటే అన్నయ్యే ఎక్కడో రుద్దుకున్నాడు. తన తప్పు కాదు.

అప్పుడు కనిపించింది రంగు. కొవ్వొత్తి మైనం తెలుపు. ఇది పసుపు. రింగులు కట్టే దారానికి నాన్న పట్టించే తేనెమైనం. ఆ ముద్ద ఆయన బల్ల సొరుగులోంచి బయటికి రాదు. గోటితో గీకింది. మైనం లేచిన చోట, కింద మెత్తటి బురద ఎండి అంటుకుని ఉంది. ముందు ఏటి బురద, దాని మీద మైనం.

గుమ్మంలో నీడ పడింది. మేస్త్రి బంకడబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాన్నా, ఆ రోజు నేను..."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"దొరికిన రోజే. అతుకు మీద మైనం లేదు. నీ పిడికిలి రెండ్రోజులు తెరవలేదు. మూడో రోజు జ్వరంలో తెరుచుకుంది. నేనే తీసి దాచాను ఆ ముక్క." ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "ఎప్పుడో ఒకప్పుడు ఇది విప్పి చూస్తావని తెలుసు. మైనం కనిపిస్తే నీ మనసు కుదుటపడుతుందనుకున్నా."

"అందుకేనా అందరికీ అలా..."

"కర్ర మీదికి తోస్తే పోయేదేముంది? కర్ర ఏడవదు కదా."

చిన్నది ఏడ్చింది. ఆయన ఊరుకోబెట్టలేదు. అతుకును దుప్పటి కొసతో తుడుస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "బిగించుకునే ముందు వాడు చూసుకోవద్దూ," అన్నాడు. ఆ మాట ఆయనకే నమ్మకంగా ఉన్నట్టు లేదు.

"ఏమండోయ్, నన్నిక్కడే వదిలేశారా?" అని నర్సు పెరట్లోంచి కొట్లోకొచ్చి కేకేసింది.

ఇద్దరూ లేచి వెళ్ళారు. మేస్త్రి ఈసారి ఆమె కర్ర చేతిలోకి తీసుకుని, వంచి, చెవి దగ్గర ఊపి చూశాడు.

"మంచి కర్రమ్మా. డాక్టరుగారి దానికేం తీసిపోదు. చేపకు ధర చదవడం రాదు." "అతుకుకు మాత్రం ప్రతిసారీ మైనం రాయాలి. ఎంత ఖరీదైనదానికైనా అంతే."

"అదుగో, ఈ మాట ముందే చెప్తే..." అంటూ నర్సు ఆగిపోయింది. తల పక్కకు వంచి విన్నది.

టిక్కు. టిక్కు. టిక్కు.

చిన్నది తండ్రి వైపు చూసింది. ఆయన అప్పటికే దాని వైపు చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఒకే చప్పుడును ఇద్దరూ ఎవరికి వాళ్ళు దాచుకున్నారని ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

"లోపల ఎవరో దారం చుట్టుకుంటున్నట్టున్నారే?" అంది నర్సు.

మేస్త్రి జవాబు చెప్పబోయి ఆగాడు. చెప్పింది చిన్నదే.

"మా అన్నయ్య," అంది.