పరుపు పొట్టలో ఏముంది

పరుపుల కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా ఒకాయన ఒకటే పని చేసేవాడు. పరుపు కుంగిందనో, కంపు కొడుతోందనో ఉత్తరం రాసినవాళ్లకి క్షమాపణ రాయడం. ప్రతి జవాబులోనూ మూడుసార్లు ‘చింతిస్తున్నాం’ అని ఉండాలి. ‘బాగుచేస్తాం’ అని పొరపాటున కూడా ఉండకూడదు. అది కంపెనీ కట్టడి. అలా చింతించి చింతించి ఆయనకి చింతన్న అనే పేరు స్థిరపడిపోయింది. ఆయన ఉత్తరాల తీపి ఎంతంటే, అవి వేసిన పూట పోస్టు డబ్బాకి చీమలు బారులు తీరేవి. నమ్మనివాళ్లు చీమల్నే అడగొచ్చు.

ఆ తీపి చింతన్నకి మాత్రం గొంతు దిగేది కాదు. పొద్దున్నే కుర్చీలో కూర్చుని ‘మాన్యులైన మీకు’ అని రాయగానే, వేరేవాళ్లు నమిలి ఉమ్మింది నోట్లో పెట్టుకున్నట్టు ఉండేది.

ఇప్పుడు ఆయన్ని ఆ క్షమాపణల విభాగానికి పెద్దని చేస్తామన్నారు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీ కదలదు. కాకపోతే శుక్రవారం సాయంత్రంలోగా ఒక ఫారం నింపివ్వాలి. అందులో మొదటి ప్రశ్న: ‘ఏ పని చేసేటప్పుడు మీకు టైము తెలియదు?’

శుక్రవారం తెల్లవారింది. ఫారం మీద ఒక్క అక్షరం పడలేదు.

“ఏంట్రా, కాగితాన్ని చచ్చిన ఎలకని చూసినట్టు చూస్తున్నావ్?” అంది అక్క, కాఫీ గ్లాసు పెడుతూ.

“నాకు ఏ పని ఇష్టమో రాయాలటే. ఎక్కడ తవ్వినా రోతే తగులుతోంది.”

“ఇష్టం దొరక్కపోతే, రోత పుట్టనిదేదో వెతుకు. ఎక్కడ నీకు ముక్కు మూసుకోవాలనిపించదో చూడు.”

“అలాంటిది నిద్రొక్కటే అక్కా.”

“అదే రాయి. పరుపుల కంపెనీయేగా, మెడలో దండేస్తారు!”

దారి పొడుగునా వెతుక్కున్నాడు. పద్దెనిమిదేళ్లు తిరగేసినా శుభ్రమైన రోజు ఒక్కటీ దొరకలేదు.

ఆఫీసుకి చేరేసరికి గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. రిక్షాలో పరుపు తెచ్చి హాలు మధ్య పడేయించింది. చేతిలో ఉత్తరాల కట్ట.

“ఇవన్నీ రాసిన మహానుభావుడెవరు నాయనా?”

“నేనేనండీ,” అన్నాడు చింతన్న, తల వంచుకుని.

“పదకొండు ఉత్తరాలు! అన్నీ పరుపు గుంటలో కుక్కాను. అయినా పూడలేదయ్యా. నడుం విరుగుతోంది.”

మేనేజరు తలుపు సందులోంచి మొహం పెట్టాడు. “చింతన్నా, ఆవిడకి కాస్త చింతించి పంపించెయ్యవయ్యా.”

చింతన్న నోరు తెరిచాడు. తీపి పైకి తన్నుకొచ్చింది. నోరు మూసేసి, బల్లమీది బ్లేడు తీసి పరుపు పొట్ట చీల్చాడు.

లోపల్నుంచి వచ్చిన కంపుకి గోడమీది బల్లి పట్టు వదిలేసి కిందపడిందంటారు. జిడ్డు కారే పాతగుడ్డలు, ఎవరివో వెంట్రుకలు, ఎప్పుడో తడిసి బూజు పట్టిన పీచు, ఎలక గూడు, సగం చెప్పు! ఇద్దరు గుమాస్తాలు ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తారు. మేనేజరు జేబురుమాలు అడ్డం పెట్టుకుని తలుపేసుకున్నాడు.

చింతన్నకి చిత్రంగా ముక్కు మూసుకోవాలనిపించలేదు. ఈ కంపు తాను కంపునని దాచుకోవడం లేదు. బాసింపట్టు వేసుక్కూర్చుని, చెత్తంతా చేతుల్తో లాగి పారేశాడు. గుడ్డ దులిపి ఎండలో వేశాడు. అద్దాల వెనక చూపుకి పెట్టిన పరుపులో మాత్రం మంచి దూది ఉంటుందని అందరికీ తెలుసు. దాన్ని కోసి, గుంటకి సరిపడా లాక్కొచ్చాడు. ఫైళ్లు కుట్టే దబ్బనంలో దారం ఎక్కించాడు. చిన్నప్పుడు అమ్మ బొంతలు కుడుతుంటే పక్కన కూర్చుని దూది సర్దిన వేళ్లు అవి. కుట్టు కుట్టుకీ ఆ వేళ్లే ముందు నడిచాయి.

ఆఖరి ముడి వేసి తలెత్తితే గడియారంలో నాలుగు. పొద్దుటి టీ మీద మీగడ అట్టలు కట్టింది. అన్నం డబ్బా తెరవనేలేదు.

దబ్బనం చేతిలో అలాగే ఉండగా ఫారం మీది ప్రశ్న గుర్తొచ్చింది.

ముసలావిడ పరుపు మీద అలా వాలిందో లేదో, గురక అందుకుంది. ఆ గాలికి గోడమీది క్యాలెండరు మూడు నెలలు ముందుకెళ్లింది.

మేనేజరు బయటికొచ్చి షోకేసు వైపు చూశాడు. “అయ్యో, అయ్యో! చూపించే పరుపు కోశావటయ్యా! సరే, ముందా ఫారం ఇటివ్వు.”

చింతన్న రెండు మాటలు రాసి ఇచ్చాడు: ‘పరుపు కుట్టడం.’

“మన దగ్గర ఆ పని లేదు కదయ్యా!”

“అందుకే వెళ్తున్నానండీ.”

“వెళ్తావా? కాగితం మీద రాసివ్వాలి మరి.”

చింతన్న ఫారం తిరగేశాడు. పద్దెనిమిదేళ్ల అలవాటు ఊరుకుంటుందా? చెయ్యి తనంతట తనే ‘చింతిస్తున్నాను’ అని రాసేసింది. తింటున్న ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది ఆయనకి. ఛీ అనుకుని, ఆ మాటని కాగితం చిరిగేదాకా కొట్టేశాడు. కింద ‘వెళ్తున్నాను’ అని మాత్రం రాశాడు.

దబ్బనాన్ని ఆయన జేబుకి గుచ్చుకుంటుండగా ముసలావిడ ఒక కన్ను తెరిచింది.

“అయిపోయిందా బాబూ? ఇంట్లో దిండు కూడా ఉంది. కంపు దీనికి రెండింతలు.”

“పదండమ్మా,” అన్నాడు చింతన్న, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ.