తాడు దగ్గరికి

"ఔట్" అన్నాడు రెండో బేస్ దగ్గర అంపైరుగా నిలబడ్డ డ్రైవరన్న.

మొదటిసారి అన్నది కేకల్లో ఎవరికీ వినపడలేదు. పిడికిలి పైకెత్తి, ఇంకాస్త గొంతు పెంచి మళ్ళీ అన్నాడు. అప్పటిదాకా గంతులేస్తున్న పిల్లలు గంతులాపి అతనికేసి చూశారు. మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొడుతున్న పెద్దవాళ్ళు చప్పట్లు మానేశారు. ఆ తర్వాత అరుపులు మొదలయ్యాయి.

బ్యాటరు నిలబడే హోమ్ ప్లేటు వెనక నడుం వంచి నిలబడ్డ అంపైరక్క మొహమ్మీది ఇనప కమ్మీల మాస్కు తీసి చంకలో పెట్టుకుంది. ఆస్పత్రి లాండ్రీలో తెల్లవారుజాము షిఫ్టు ముగించుకుని, దుప్పట్ల ఆవిరి వాసన ఒంటిమీద ఉండగానే బస్సెక్కి వచ్చిన మనిషి ఆమె. పొద్దుటి నుంచి ఇది రెండో ఆట. ఇంకోటి మిగిలే ఉంది. ఆటకింతని సాఫ్ట్‌బాల్ సంఘం చేతిలో పెట్టేది లాండ్రీలో సగంపూట కూలికి కూడా సాటిరాదు. బస్సు ఛార్జీ పోను మిగిలినదాంతో ఇంటికి పాల ప్యాకెట్లు వస్తే గొప్ప. అయినా ఆదివారం వస్తే చాలు, ఆమెను ఇంట్లో ఎవరూ ఆపలేరు. చిన్నప్పుడు ఆడిన ఆట. పెళ్ళయ్యాక ఆడటం పోయింది గానీ, ఆ మట్టిలో తెల్లగీతల మధ్య నిలబడితే ఆమెకు ప్రాణం లేచి వస్తుంది. ఈ మాట చెబితే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

జరిగింది ఇది. ఆఖరి ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, మూడో ఔట్ పడితే ఆట ముగిసినట్టే, ఒక్క పరుగొస్తే సమం. రెండో బేస్ మీద, పరుగుకు కాచుకుని, టైల్స్ షాపు ఓనరు కూతురుంది. బంతి విసిరే పిల్ల చేతిలోంచి బంతి వెళ్ళేదాకా బేస్ మీదున్న పిల్ల కాలు కదపకూడదు. కదిపితే ఔట్. సాఫ్ట్‌బాల్‌లో అదొక నియమం. ఈ మైదానంలో మాత్రం దాన్ని అందరూ చూసీచూడనట్టు వదిలేస్తారు, ఎందుకొచ్చిన గొడవని. డ్రైవరన్న వదల్లేదు, ముందే కదిలిందని ఔటిచ్చేశాడు. బ్యాటుకు బంతి తగిలిందీ, అది దూరంగా వెళ్ళిందీ, ఓనరు కూతురు పరిగెత్తుకొచ్చి హోమ్ ప్లేటు తొక్కిందీ అన్నీ ఉత్తవైపోయాయి. పరుగు లేదు. ఆట అయిపోయింది.

ఆట అయిపోతే ఇక్కడ పని అయిపోయినట్టు కాదు. తాడు దగ్గరి పని ఉంటుంది.

ఎన్నేళ్ళ కిందటో ఒక పెద్ద అంపైరు, రెండు జట్ల తండ్రులు కొట్టుకునేదాకా వస్తే, టోపీ తీసి తాడు దగ్గరికి నడిచి వెళ్ళి, "పొరపాటు నాదేలెండి, మనసులో పెట్టుకోకండి" అన్నాడట. అందరూ చల్లబడ్డారు. ఎంత మంచివాడో అని మెచ్చుకున్నారు కూడా. ఆ మంచితనం కాస్తా తర్వాతివాళ్ళ మెడకు చుట్టుకుంది. మరుసటి వారం ఇంకెవరో అడిగారు, ఆ పైవారం మరొకరు. ఇప్పుడైతే అడగడం కూడా లేదు. ఓడినవైపు పెద్దలు తాడు వెంబడి వరసగా నిలబడతారు, అంపైరు టోపీ తీసి వెళ్ళి ఆ మాట అప్పజెప్పి రావాలి. తప్పు చేశాడా లేదా అన్న ఊసే లేదు. బట్టల షాపులో వేలు పోసి కొన్నవాళ్ళకు కూడా ఇంత మర్యాద దక్కదు.

అందుకే అంపైర్లు నిలవరు. కొత్తవాళ్ళ కోసం సంఘం కార్యదర్శి కాళ్ళావేళ్ళా పడుతుంటాడు. పాపం లెక్కల మాస్టారాయన, ఆదివారాలన్నీ ఫోన్లకే సరిపోతాయి. కుట్టుపని చేసే అతనొచ్చాడు, కాలేజీ అమ్మాయొచ్చింది, వ్యాయామం నేర్పే కుర్రాడొచ్చాడు. ఒక్కొక్కరూ ఒక్కసారి తాడు దాకా వెళ్ళొచ్చారు, మళ్ళీ ఈ దారి తొక్కలేదు. వాళ్ళందర్నీ భుజమ్మీద చెయ్యేసి అక్కడిదాకా నడిపించింది అంపైరక్కే. "ఒక్క మాట అనేసి వచ్చేయ్, పోయేదేముంది" అని నచ్చజెప్పింది కూడా తనే. పోయింది వాళ్ళే. ఆ సంగతి తెలిసి కూడా ప్రతిసారీ నడిపించింది, ఆట ఆగకుండా ఉంటే చాలని.

డ్రైవరన్నను తీసుకొచ్చిందీ ఆమే. ఇరవై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపినాయన. ఈ ఆడపిల్లల్ని ఆటకు దించి, తీసుకెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడి ఆట చూసేవాడు. అలా చూసి చూసి నియమాలన్నీ ఒంటబట్టించుకున్నాడు. "ఊరికే నిలబడే బదులు లోపలికొచ్చి నిలబడన్నా" అని ఆమె వెంటపడితే, శిక్షణకు వెళ్ళొచ్చాడు. ఇవాళే మొదటి రోజు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని పెళ్ళికొడుకులా వచ్చాడు.

ఇప్పుడా చొక్కా చెమటకు వీపుకంటుకుపోయింది. రెండో బేస్ దగ్గర్నుంచి ఆమె వైపు నడిచి వచ్చాడు.

"ముందే కదిలింది చెల్లెమ్మా. రెండడుగులు. నా కళ్ళతో చూశా."

"సరే అన్నా."

"నువ్వు చూళ్ళేదా?"

"నేను బంతి చూస్తున్నా. ఆ కాళ్ళు చూడాల్సింది నువ్వు."

"అందుకే చెప్పా."

తాడు అవతల టైల్స్ షాపు ఓనరు గొంతు చించుకుంటున్నాడు. "కళ్ళు కనపడని ముసలాణ్ణి తెచ్చి పెట్టారు. బస్సులో హారన్ కొట్టుకునేవాడికి ఆటేం తెలుసు" అంటున్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. రెండు జట్ల చొక్కాల వెనకా ఆయన షాపు పేరే ఉంది. మైదానం అద్దె ఆయనే కడతాడు. కూతురు మాత్రం బెంచీ చివర తల వంచుకుని బూటు లేసులు ఊడదీసి మళ్ళీ కట్టుకుంటోంది.

కార్యదర్శి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, తొందరగా కానిచ్చేద్దాం. ఆయన మంచి కోపంమీదున్నాడు. ఈయన్ని ఒకసారి అటు తీసుకెళ్ళండి."

"ఏమనాలి సార్?" అనడిగాడు డ్రైవరన్న.

"ఏముంది, మామూలే. పొరపాటైంది, సరిగ్గా కనపడలేదు అనండి. వాళ్ళు రెండు మాటలంటారు, వినేయండి. అయిపోతుంది."

"నాకు కనపడింది సార్."

కార్యదర్శి ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీరు చెప్పండక్కా. ఇది తేలకపోతే తర్వాతి ఆట ఆపించేస్తాడట. ఇప్పుడే అన్నాడు నాతో. అద్దె కట్టేది నేను, ఆడాలో వద్దో నేను చెబుతానన్నాడు. ఆ చిన్నపిల్లలు అప్పుడే వచ్చేశారు, చూడండి."

చూసింది. గేటు పక్కన రెండు చిన్నజట్లు గ్లవుజులు తొడుక్కుని తయారుగా ఉన్నాయి. పదేళ్ళు నిండని పిల్లలు. చొక్కాలు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ఒకత్తె బంతి ఎగరేసి పట్టుకోబోయి ముక్కుమీద తగిలించుకుంది, పక్కది పడీపడీ నవ్వుతోంది. వీళ్ళకు ఇదే మొదటి పోటీ. పిల్లల్ని ఉసూరుమనిపించి ఇంటికి పంపించడమంటే ఆమెకు ప్రాణం పోయినంత పని.

డ్రైవరన్న కూడా అటే చూశాడు. టోపీ తీశాడు.

"పోనీలే చెల్లెమ్మా. ఒక్క మాటేగా. రోడ్డుమీద నా తప్పు లేకుండా ఎంతమందికి చెప్పలేదు. ట్రాఫిక్ వాళ్ళకు చెప్పా, స్కూలు వాళ్ళకు చెప్పా. ఈయనొకడెక్కువా." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. టోపీని రెండు చేతుల్తో నలుపుతూ తాడు వైపు కదిలాడు.

భుజమ్మీద చెయ్యి వెయ్యడం ఆమెకు అలవాటే. చెయ్యి దానంతటదే లేచింది కూడా. అటు తాడు దగ్గర ఓనరు చేతులు కట్టుకుని, గెడ్డం పైకెత్తి కాచుకుని ఉన్నాడు. బాకీ వసూలుకొచ్చిన వాడి నిలబడ్డం అది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆయనమీద ఎంత మండిందో తనమీద అంతకు రెండింతలు మండింది. ఎంతమందిని ఈ చేత్తో అప్పగించింది తను.

డ్రైవరన్న మోచెయ్యి పట్టుకుని ఆపేసింది.

"వద్దన్నా. టోపీ పెట్టుకో."

"ఆట ఆగిపోతుందమ్మా."

"పెట్టుకోమంటున్నాగా."

కార్యదర్శి అడ్డొచ్చాడు. "అక్కా, ఇవాళ్టికి సర్దుకోండి. వచ్చే వారం కూర్చుని మాట్లాడుకుందాం."

"వచ్చే వారం ఈయన రాడు సార్. కుట్టుపనతను వచ్చాడా? ఆ అమ్మాయొచ్చిందా? ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి అక్కా, మీరొక్కరే చూసుకోండి అంటారు. ఒక్కదాన్ని ఎన్ని బేసులు చూడను? అంపైర్లు లేరు లేరని తల పట్టుకుంటారు. వచ్చినవాళ్ళను మనమే తాడు దగ్గర దిగబెట్టి వస్తున్నాం. నేనే దిగబెట్టాను. ఇంక నా వల్ల కాదు."

"మరి ఆయనకేం చెప్పను?"

"రారని చెప్పండి. ఈయన రాడు, నేనూ రాను."

"నా మాట వినడు అక్కా."

"అయితే చెప్పకండి. ఆయనకు కళ్ళున్నాయిగా, చూస్తాడు."

మాస్కు తగిలించుకుని హోమ్ ప్లేటు దగ్గరికి నడిచింది. అడుగులు గట్టిగా వేసింది. జేబులోంచి చిన్న బ్రష్షు తీసి, వంగి, ప్లేటు మీద మట్టి దులిపింది. వెనక్కి చూస్తే డ్రైవరన్న టోపీ పెట్టుకుని తన బేస్ దగ్గర నిలబడి ఉన్నాడు. తాడు వెంబడి వరసలో గుసగుసలు పెరిగాయి. ఇన్నేళ్ళుగా అక్కడికి ఎవరో ఒకరు రావడమే తెలుసు వాళ్ళకు. రాకపోతే ఏం చెయ్యాలో తెలియక దిక్కులు చూస్తున్నారు.

"తర్వాతి జట్లు రావాలి" అని పిలిచింది.

గేటు దగ్గర పిల్లలు తమ కోచ్ మొహంలోకి చూశారు. కోచ్ కార్యదర్శి మొహంలోకి చూశాడు. కార్యదర్శి నేల చూశాడు. ముక్కుమీద దెబ్బ తగిలించుకున్న పిల్ల మాత్రం ఎవరి మొహమూ చూడకుండా, తనకంటే పెద్ద బ్యాటొకటి ఈడ్చుకుంటూ రెండడుగులు లోపలికి వేసింది. వెనక నుంచి తల్లి చొక్కా పట్టుకుని ఆపింది.

టైల్స్ షాపు ఓనరు తాడు పైకెత్తి, తలొంచి, ఇవతలికి వచ్చాడు. తాడు ఇవతలికి రాకూడదన్నది ఆయనకూ తెలుసు. అడుగులు పెద్దగా వేసుకుంటూ సూటిగా హోమ్ ప్లేటు వైపు వస్తున్నాడు.

అంపైరక్క మాస్కు తియ్యలేదు.

"బ్యాటరు రావాలి" అంది మళ్ళీ, ఇంకా గట్టిగా.