ఆరు వందల లైన్ల పక్కన ఒక పేరు

నేను ఒక ఫైలును. అట్ట, ఎర్ర దారం ఉండి బీరువాలో దుమ్ము కొట్టుకుపోయే రకం కాదు. కంప్యూటర్లో ఉండే ప్రోగ్రాం ఫైలును. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో పుట్టాను. బ్లడ్ బ్యాంకుల్లో ఏ రక్తం ప్యాకెట్టుకు గడువు తీరిపోయిందో చెప్పడం నా ఉద్యోగం. ఆరు వందల లైన్లుంటాను. కాస్త గర్వం కూడా ఉంది, దాచుకోను.

నన్ను రాసింది భూషణం గారు. ఆయన ట్యాబ్ మీట నొక్కి లైన్లను కుడివైపుకు జరిపేవారు. తర్వాత నన్ను చేపట్టిన కిరణ్మయి, రెండు ఖాళీలు చాలంటూ అన్నిటినీ వెనక్కి లాగింది. ఆయన మళ్లీ జరిపారు, ఆవిడ మళ్లీ లాగింది. బ్రాకెట్టు పై లైన్లో ఉండాలా, కింది లైన్లో ఉండాలా అని వాదించుకుని ఇద్దరూ రెండు రోజులు మాటలు మానేశారు. ఇంత చదువుకున్నవాళ్లు ఖాళీ జాగా కోసం కొట్టుకుంటుంటే నాకు నవ్వాగేది కాదు.

ఈమధ్యే తబస్సుం చేరింది. కొత్త ఉద్యోగం, ఉత్సాహం. నా అవతారం చూసి జాలిపడి ఒక మధ్యాహ్నం నన్ను పైనుంచి కిందిదాకా సర్దింది. పాపం, అదే ఆమె కొంప ముంచింది. ఏ లైనును చివరిసారి ఎవరు ముట్టుకుంటే దాని పక్కన వాళ్ల పేరు పడుతుంది మా దగ్గర. ఆరు వందల లైన్ల పక్కనా తబస్సుం పేరే.

పది రోజులకు ఒక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ముందురోజే గడువు తీరిన ప్యాకెట్టును నేను మంచిదని చెప్పానట. నర్సు తేదీ చూసి పక్కన పెట్టబట్టి సరిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పున్న లైను దొరికింది, పక్కన తబస్సుం పేరుంది. ఆమెను పర్మినెంటు చేసే కాగితం మేనేజరు బల్ల మీదే ఆగిపోయింది.

"సార్, నేను సర్దడం తప్ప ఇంకేం చెయ్యలేదు," అంది తబస్సుం భూషణం గారితో, కళ్లనీళ్లు ఆపుకుంటూ.

"పాత కాపీలు చూద్దాం తల్లీ," అన్నారాయన. నన్ను మార్చినప్పుడల్లా అంతకుముందున్న రూపం ఒక కాపీగా మిగిలి ఉంటుంది.

చూస్తే ఏ కాపీ తీరు దానిదే. పక్కపక్కన పెడితే ప్రతి లైనూ మారినట్టే కనిపిస్తోంది.

"అన్నిటినీ ఒకే పద్ధతిలో సర్దితే నిజంగా మారినవే మిగులుతాయి కదా సార్? సర్దడం మెషీన్ చేస్తుంది. పద్ధతేదో మీరిద్దరూ తేల్చాలి," అంది తబస్సుం, కిరణ్మయి వైపు కూడా చూస్తూ.

టీ వేళకు ముగ్గురూ కూర్చున్నారు. భూషణం గారు మొహం మాడ్చుకుని ట్యాబ్‌ను వదులుకున్నారు. కిరణ్మయి రెండు ఖాళీలు వదులుకుని, బ్రాకెట్టు మాత్రం పై లైన్లోనే ఉండాలని పట్టుబట్టి గెలిచింది. నాలుగు ఖాళీలు ఖాయమయ్యాయి. మూడేళ్ల పేచీ పావుగంటలో తీరింది.

మెషీన్ సర్దింది. కాపీలన్నీ ఒకే పోలికకు వచ్చాయి. తప్పున్న లైను మొట్టమొదటి కాపీలోనే ఉంది, అచ్చం అలాగే. అప్పటికి తబస్సుం ఇంకా కాలేజీలో చదువుకుంటోంది.

భూషణం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అది నేను రాసిందే. మేనేజరుకు నేనే చెబుతాను," అని లేచారు.

తబస్సుం హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలింది. పుట్టుకతోనే తప్పున్నదాన్నని తెలిసి నేను సిగ్గుపడాలి గానీ, నాకూ ప్రాణం తేలికపడింది.

ఆ తప్పు దిద్దే పని ఆమెకే ఇచ్చారు. దిద్దాక అందరూ మూగి చూశారు. ఆరు వందల లైన్లలో మారింది ఒక్కటే, స్పష్టంగా కనిపించింది.

"దీని పక్కన నీ పేరే పడిందమ్మా," అన్నారు భూషణం గారు.

"ఔను సార్," అంది తబస్సుం. "ఇది నేనే చేశాను."